అడిగే ధర, తూకం ధర, అమ్ముడుపోయిన ధర

విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో నా మిత్రుడి ఇంటి ముందుగదిలో గోడ పొడవునా అయిదు అరల చెక్క బీరువా ఒకటుండేది. 1999 నుంచి 2014 దాకా ఆయన కొన్న సినిమా డిస్కులన్నీ అందులోనే ఉండేవి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ ప్రాంతమంతా మునిగింది. ఎత్తు అరుగు మీద కట్టిన ఇల్లు కావడం వల్ల నీరు అట్టడుగు అరను ముంచి అక్కడితో ఆగింది. ఆ తర్వాత నాలుగైదు నెలలకే ఆయన కన్నుమూశారు. కర్మకాండలు ముగిశాక బీరువాను ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. కొడుకు పాత సామాన్లు కొనే అతన్ని పిలిచి తూకం వేయించాడు. డబ్బాలూ అట్టలూ కలిపి 42 కిలోలు తూగాయి. కిలోకు 12 రూపాయల చొప్పున 504 రూపాయలు ఇస్తానని అతను చెప్పాడు. సరిగ్గా ఆ వారంలోనే అమెరికాలో ఉన్న కూతురు, తండ్రి బీరువాలో ఉన్న డీవీడీ ఒకదాన్ని ఇంటర్నెట్‌లో ఎవరో 4,500 రూపాయలకు అమ్మకానికి పెట్టడం చూసింది. “అన్నీ అంత పలకవని తెలుసు బాబాయ్. ఒక్కోదానికి అయిదొందలు వేసుకున్నా రెండున్నర లక్షలు దాటుతుంది కదా. అన్నయ్యేమో మొత్తం అయిదొందలకి ఇచ్చేస్తానంటున్నాడు” అని ఫోన్‌లో బాధపడింది. ఇద్దరూ కలిసి ఆ లెక్క తేల్చే పని నాకు అప్పగించారు.

ఇరవై ఏళ్లుగా నేను పాత డిస్కులు కొంటున్నాను, అప్పుడప్పుడు అమ్ముతున్నాను. హైదరాబాద్ వెళ్లిన ప్రతిసారీ ఆబిడ్స్‌లో ఆదివారం పూట రోడ్డు పక్కన పరిచే పాత పుస్తకాల మధ్య వీటి కోసం వెతకడం నాకు అలవాటు. అన్నాచెల్లెళ్లు చెప్పిన రెండు అంకెల్లో ఏదీ వెల కాదన్నది నా నమ్మకం. తూకం ధర ప్లాస్టిక్‌కు వచ్చేదే తప్ప సినిమాకు వచ్చేది కాదు. ఒక డిస్కు బరువు దాదాపు 16 గ్రాములు కాబట్టి ఆ లెక్కన దానికి దక్కేది 19 పైసలు. ఇక అడిగే ధర అమ్మేవాడి ఆశను తెలుపుతుందే గాని, ఆ ధరకు కొనేవాడు ఉన్నాడని తెలుపదు. ఈ ప్రతికి, ఈ స్థితిలో, ఈ రోజుల్లో ఎవరైనా నిజంగా చెల్లించిన సొమ్ము ఎంతో తెలిసినప్పుడే వెల గురించి మాట్లాడగలం. తెలుగు డిస్కుల విషయంలో దీనికి ఇంకొక మాట చేర్చాలి. వీటిలో సినిమా పేరును చూసి ధర చెప్పడం దాదాపు ఎప్పుడూ తప్పే అవుతుంది. డబ్బా మీద ఉన్న పేరు కాదు, లోపల ఉన్న ప్రతి ఏ రకానిదన్నదే ధరను నిర్ణయిస్తుంది.

ముందుగా ఆ 4,500 రూపాయల డీవీడీ సంగతి. ఈబే వంటి సైటులో అమ్మకానికి పెట్టిన వస్తువులను విడిగా, అమ్ముడుపోయిన వస్తువులను విడిగా చూసే వీలుంది. కొత్తగా వెల కట్టేవారిలో ఎక్కువమంది మొదటి జాబితా దగ్గరే ఆగిపోతారు. అమ్ముడుపోని వస్తువు నెలల తరబడి అక్కడే ఉండి అందరి కంటా పడుతుంది కాబట్టి, అత్యాశతో పెట్టిన ధరలే మనకు ఎక్కువగా కనబడతాయి. న్యాయమైన ధరకు పెట్టినది రెండు రోజుల్లో అమ్ముడైపోయి కనుమరుగవుతుంది. అదే డీవీడీ అమ్ముడుపోయిన సందర్భాలు వెతికితే నాకు మూడు దొరికాయి: 180, 220, 650 రూపాయలు. 650 పలికినది సీలు విప్పనిది. మిత్రుడి ప్రతి విప్పినదే, అయితే అట్ట శుభ్రంగా ఉంది. నా కాగితంలో 200 అని రాసుకున్నాను. అందులోంచి తపాలా ఖర్చు, ప్యాకింగు ఖర్చు, సైటు తీసుకునే రుసుము పోగా చేతికి వచ్చేది 110 రూపాయలు. వెల కట్టేవారు ఈ చివరి తీసివేతను మరచిపోతే లెక్క మొత్తం గాలిలో కట్టిన మేడ అవుతుంది. 60 రూపాయలకు అమ్మి 70 రూపాయల తపాలా కట్టిన అనుభవం నాకుంది.

పెద్ద హిట్టయిన సినిమాలకే పెద్ద ధర వస్తుందని దాదాపు అందరూ అనుకుంటారు. బీరువాలో జనం ఎగబడి చూసిన సినిమాలు వరసగా ఉన్నాయి. వాటిని చూసి కొడుకు కూడా ఒక క్షణం తూకం మాట మరచిపోయాడు. హిట్టు సినిమా డిస్కులు లక్షల్లో అచ్చయ్యాయి, ప్రతి వీధిలో ఉన్నాయి కాబట్టే వాటికి ధర లేదు. 2007లో మోసర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టింది. అంతవరకు వందల్లో ఉన్న ఒరిజినల్ డిస్కు కూరగాయల ధరకు దిగింది. పైరసీని దెబ్బతీయడానికి అది మంచి ఎత్తుగడే, ఇంటింటికీ సినిమాను చేర్చిన మాటా నిజమే. అయితే కొత్తదే 28 రూపాయలకు దొరికిన వస్తువుకు చేయి మారాక ఏం మిగులుతుంది? ఆ సంస్థ 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. ఇక అచ్చు కావు కాబట్టి అవి అరుదైపోతాయని కొందరు దాచిపెడుతున్నారు. అచ్చు ఆగిపోవడం, అరుదైపోవడం ఒకటి కాదు. ఊరూరా అటకల మీద ఉన్న ప్రతులు తరగడానికి ఇంకా చాలా కాలం పడుతుంది.

‘మాయాబజార్’ విషయమే చూడండి. 1957 నాటి ఈ నలుపు తెలుపు చిత్రాన్ని 2010లో రంగుల్లో మళ్లీ విడుదల చేసినప్పుడు నిడివి తగ్గించారు, కొన్ని పాటలు తీసేశారు. అంటే పూర్తి చిత్రం కావాలనుకునేవారికి పాత నలుపు తెలుపు ప్రతే శరణ్యం. ఈ వాదనతో ఆ డిస్కుకు వెయ్యి రూపాయలు అడిగినవారిని నేను చూశాను. వారి తర్కంలో సగం నిజం ఉంది: ఏ ప్రతి అన్నది ముఖ్యమే. మిగతా సగాన్ని వారు వదిలేశారు. ఆ ప్రతి మరెక్కడా దొరకకుండా ఉంటేనే దానికి ధర. తెలుగువారు అంతగా ప్రేమించే సినిమా డిస్కు ప్రతి ఇంట్లోనూ ఉంది. అందుకే దాని ఎదురుగా 20 రూపాయలు రాశాను.

మరి ఎలాంటి ప్రతికి ధర వస్తుంది? నాలుగు ఆదివారాలు ఆ ముందుగదిలో నేల మీద కూర్చుని నేను వెతికినది దీనికోసమే. తెలుగులో 1974 నుంచి వెడల్పాటి తెర కోసం తీసిన సినిమాస్కోప్ చిత్రాలు వచ్చాయి. వాటిని వీసీడీలకు ఎక్కించినప్పుడు చతురస్రానికి దగ్గరగా ఉండే పాత టీవీ తెర నిండడం కోసం చాలావాటిలో రెండు పక్కలా కోసేశారు. ఇద్దరు మాట్లాడుకునే సన్నివేశంలో ఒకరి ముక్కు మాత్రమే కనబడే ప్రతులు నా దగ్గరే ఉన్నాయి. అదే చిత్రాన్ని తర్వాత ఎవరైనా శ్రద్ధగా పూర్తి వెడల్పుతో డీవీడీ చేసి ఉంటే ఆ డీవీడీని వెతికి కొనేవారున్నారు. ఉచితంగా చూసే వీలున్న ప్రతిలో ఛానెల్ ముద్ర, మధ్యలో కత్తిరింపులు ఉంటే, అవేవీ లేని డిస్కుకు విలువ పెరుగుతుంది. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు ఉన్నవి మరొక రకం. ఇవి అమెరికాలోని తెలుగువారి కోసం అక్కడి దుకాణాల్లో అమ్మినవి. అక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు తాతముత్తాతల కాలపు సినిమా చూపించాలనుకునే తల్లిదండ్రులు వీటిని అడుగుతారు. పెద్దగా ఆడని, ఏ ఛానెలూ వేయని, ఏ స్ట్రీమింగ్ సంస్థా కొనని చిన్న సినిమాలు ఇంకొక రకం. విడుదలైనప్పుడు వారం కూడా ఆడని సినిమా డిస్కుకు 500 రావడం, వంద రోజులు ఆడిన సినిమాకు 10 రూపాయలు రావడం వినడానికి అన్యాయంగా ఉంటుంది. కొనేవాడికి కావలసింది మరోచోట దొరకనిదే కదా.

మేం ఊహించని ధర పలికినది అసలు సినిమా డిస్కే కాదు. పద్యనాటకాన్ని రంగస్థలం మీద చిత్రీకరించిన మూడు డిస్కుల వీసీడీ అది. కెమెరా కదలదు, హార్మోనియం మోత మాటలను మింగేస్తుంది. మిత్రుడు దాన్ని ఒక తిరునాళ్లలో కొన్నారని ఆయన భార్య, మా వదినగారు చెప్పారు. తెనాలి వైపు పల్లెల్లో ఇప్పటికీ పద్యాలు పాడే కళాకారులకు పాత నటుల రాగవరస వినడానికి ఇలాంటివి అవసరం. దానికి నేను 400 రాశాను.

ధరలో సగాన్ని ప్రతి ఏ రకానిదన్నది నిర్ణయిస్తే మిగతా సగం డిస్కు ఆరోగ్యం నిర్ణయిస్తుంది. మా వైపు అన్నింటినీ ‘సీడీలు’ అనే ఒక్క మాటతోనే పిలుస్తారు. పరీక్షించేటప్పుడు మాత్రం వాటి నిర్మాణంలో తేడా తెలియాలి. సీడీలోనూ వీసీడీలోనూ సమాచారం ఉండే పొర పైన, బొమ్మ ముద్రించిన వైపున, పలచని లక్క కింద ఉంటుంది. అందరూ కింది వైపు గీతలే చూసి భయపడతారు గాని, అవి లోతు తక్కువైతే మెరుగు పెట్టించి పోగొట్టవచ్చు. బొమ్మ వైపు గోరుతో గీసినంత గాయమైనా సినిమా అక్కడ శాశ్వతంగా పోతుంది. డీవీడీలో 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండు అతికి ఉంటాయి, సమాచారం వాటి మధ్యలో భద్రంగా ఉంటుంది. దాని శత్రువు అంచు నుంచి లోపలికి దిగే తేమ. బ్లూరేలో సమాచారం ఉపరితలానికి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది కాబట్టి మెరుగు యంత్రంలో పెడితే డిస్కే పోతుంది.

నేను చేసే పరీక్ష ఇది. గదిలో ట్యూబ్‌లైటు తప్ప మిగతా దీపాలన్నీ ఆర్పి, వీసీడీని మధ్య రంధ్రంలో వేలు పెట్టి పట్టుకుని, బొమ్మ వైపు నా వైపు ఉండేలా దీపానికి అడ్డంగా ఎత్తుతాను. ఆరోగ్యంగా ఉన్న డిస్కులో వెలుతురు మసకగా, ఒకే తీరుగా కనిపిస్తుంది. పొర లేచిపోయిన చోట సూదిమొనంత తెల్లని చుక్కలు మెరుస్తాయి. నాలుగైదు చుక్కలుంటే ప్లేయరు సర్దుకుంటుంది. చుక్కలన్నీ కలిసి పాయగా మారితే ఆ డిస్కును పక్కన పెట్టేస్తాను. తరువాత మధ్య రంధ్రం చుట్టూ పగుళ్లు ఉన్నాయేమో వేలిగోరుతో తడిమి చూస్తాను, ఎందుకంటే గట్టి డబ్బాలోంచి బలవంతంగా పీకినప్పుడు పగులు అక్కడే మొదలవుతుంది. ఆ తర్వాతే ప్లేయరులో పెడతాను. రెండు పొరలున్న 8.5 జీబీ డీవీడీని మొదటి పది నిమిషాలు చూసి బాగుందనడం పొరపాటు. ఒక పొర నుంచి రెండో పొరకు మారే చోటు సినిమా మధ్యలో ఎక్కడో ఉంటుంది, ఆగిపోయేది ఎక్కువగా అక్కడే. కాబట్టి మొదలు, నడుమ, చివర మూడు చోట్లా చూడాలి.

వరద నీటిలో మునిగిన అరలో 96 సినిమాలున్నాయి. కాగితపు అట్టలన్నీ ముద్దయి డబ్బా లోపలి గోడలకు అంటుకుపోయాయి. డిస్కుల మీద ఎండిన ఒండ్రు సన్నని బూడిద రంగు పొరలా ఉంది. ఒండ్రులో ఇసుక ఉంటుంది కాబట్టి పొడిగుడ్డతో తుడవడమంటే గరుకు కాగితంతో రుద్దడమే. ముందు మంచినీటిలో నానబెట్టి, ఒండ్రు తనంతట తాను వదిలాక సబ్బునీటితో కడిగి, మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడిచాను. గుండ్రంగా తుడిస్తే పడే గీత సమాచారం నడిచే దారి వెంబడే సాగుతుంది, దాన్ని ప్లేయరు దాటలేదు. వాటిలో ఆడినవి చాలానే ఉన్నాయి. కానీ అట్ట లేని డిస్కుకు ధర సగానికి పైగా పడిపోతుంది. కొనేవారిలో చాలామందికి బీరువాలో వరసగా నిలబెట్టే ముచ్చట ఉంటుంది, అది తప్పేమీ కాదు.

అన్ని లోపాలూ వాడుకలో వచ్చినవి కావు. 2006 నుంచి 2008 వరకు తయారైన కొన్ని వార్నర్ బ్రదర్స్ డీవీడీలు ఎంత జాగ్రత్తగా దాచినా పాడవుతున్నాయని కొనుగోలుదారులు చాలాకాలంగా చెబుతుండగా, 2025లో ఆ సంస్థ స్వయంగా దాన్ని అంగీకరించి, మార్చి ఇస్తామని ప్రకటించింది. మిత్రుడి బీరువాలో ఉన్న ఇంగ్లీషు డీవీడీల్లో ఆ కాలం నాటివి రెండున్నాయి. పైకి అద్దంలా మెరుస్తూనే సగం దాకా నడిచి ఆగిపోయాయి. చూపుతోనే వెల కట్టవచ్చని అనేవారికి నేను ఆ రెండింటినీ చూపిస్తాను.

వీసీడీలో 74 నిమిషాల బొమ్మే పడుతుంది కాబట్టి తెలుగు సినిమా అంటే రెండు డిస్కులు, ఒక్కోసారి మూడు. అందులో ఒకటి లేకపోతే మిగిలినదానికి విలువే లేదు. పందొమ్మిది సినిమాలకు రెండో డిస్కు కనబడలేదు. పదకొండు డిస్కులు వేరే డబ్బాల్లో దొరికాయి, ఒకటి ప్లేయరులోనే ఉంది.

బీరువాలో 73 సినిమాలు కంప్యూటరులో రాసుకున్న నకళ్లు. వీటిలో ఎక్కువవాటి వెనుక వైపు వెండిరంగులో కాక ఊదాగానో నీలంగానో ఉంటుంది. కొన్నింటికి వెండిరంగు ఉన్నా అట్ట పట్టిస్తుంది. కాపీరైట్ చట్టంలోని 52ఎ సెక్షను ప్రకారం వీడియో డబ్బా మీద సెన్సారు ధ్రువపత్రం నకలు, తయారుచేసినవారి పేరు, హక్కుదారు పేరు, చిరునామా ఉండాలి. ఇవి లేనిదాన్ని నేను అమ్మను, వెల కట్టను. ‘మూడు సినిమాలు ఒకే డిస్కులో’ అన్న రంగుల అట్టకు సంతలో 20 రూపాయలు ఇచ్చేవారున్నారని కొడుకు గుర్తుచేశాడు. ఉన్నారు. అయినా ఆ గడిలో సున్నాయే రాశాను, దాన్ని మార్చమంటే నా కాగితం తిరిగి తీసుకుంటానని చెప్పాను. ఒరిజినల్ కొన్నవారికి మాత్రం మళ్లీ అమ్ముకునే విషయంలో దారి కొంత తేలికైంది. 2012 సవరణకు ముందు మన చట్టం, అంతకుముందు ఒకసారి అమ్ముడైన సినిమా ప్రతిని అమ్మే హక్కును కూడా హక్కుదారు చేతిలోనే ఉంచింది. ఆ మాటలను ఆ సవరణ తొలగించింది.

బ్లూరేలు 14. కూతురు అమెరికా నుంచి తెచ్చిన ఇంగ్లీషు చిత్రాల్లో కొన్నింటికి ‘ఎ’ ప్రాంతపు తాళం ఉంది, అంటే అమెరికా ఉన్న ప్రాంతపు ప్లేయర్లలోనే అవి ఆడతాయి. ఇండియా ‘సి’ ప్రాంతం కాబట్టి ఇక్కడి ప్లేయరులో అవి ఆడవు, ఇక్కడ వాటికి వెల లేదు. ఈసారి ఇక్కడికి వచ్చి తిరిగి వెళ్లేటప్పుడు తీసుకుపొమ్మని ఆమెకు చెప్పాను.

చివరి లెక్క ఇలా తేలింది. మొత్తం 538 సినిమాల్లో 61 పనికిరానివి: ఆడనివి, జత దొరకనివి, ఇక్కడ తాళం తెరుచుకోనివి అందులోనే. నకళ్లు 73. మిగిలిన 404లో 340 అందరి ఇళ్లలో ఉండేవే. వాటిని కట్టలుగా అమ్మితే ఒక్కోటి 10 రూపాయల చొప్పున 3,400 వస్తుందనుకున్నాను. 52 సినిమాలకు సగటున 75 రూపాయలు, అంటే 3,900. పన్నెండింటికి మాత్రం సగటున 450, అంటే 5,400. అన్నీ ఖర్చులు పోగా చేతికి వచ్చే సొమ్ములే. మొత్తం 12,700 రూపాయలు. రెండున్నర లక్షలు ఊహించిన అమ్మాయికి ఈ అంకె చెప్పడం కష్టమే అయింది. ఆమె పన్నెండింటి పేర్లు మాత్రం అడిగి రాసుకుంది.

తొమ్మిది నెలలు పట్టింది. కట్టల్లో 200 సినిమాలు మాత్రమే పోయాయి, అదీ 8 రూపాయల చొప్పున 1,600కు. మిగతా 140 ఎవరికీ అక్కర్లేదు, ఇంకా మా ఇంట్లోనే నాలుగు అట్టపెట్టెల్లో ఉన్నాయి. 52లో 45 అమ్ముడై 3,150 తెచ్చాయి. ఆ పన్నెండూ 7,900 తెచ్చాయి. పద్యనాటకం ఒక్కటే 1,300 పలికింది. నేను 400 అన్నానని తెలిసి కూడా ఆ కొన్నాయన బేరం ఆడలేదు, డిస్కులు మూడూ ఆడతాయా లేదా అని మాత్రం రెండుసార్లు అడిగారు. వచ్చినది మొత్తం 12,650. నా అంచనాకు 50 రూపాయలే తక్కువ అని అన్నాచెల్లెళ్లు ఇద్దరూ నన్ను మెచ్చుకున్నారు. నిజానికి మూడు వరసల్లో మూడూ తప్పాయి. మామూలు వాటికి ఎక్కువ వేశాను, అరుదైన వాటికి తక్కువ వేశాను, రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పుకున్నాయి. ఇప్పుడు గుణదల నుంచి ఇంకొక బీరువా లెక్కకు వచ్చింది. ఈసారి మామూలు వాటి గడిలో మొదటే 3 రూపాయలు రాసుకుని, నాటకాల డిస్కులు ఏమైనా ఉన్నాయా అని ఆ ఇంటివారిని ముందే అడిగాను.